ఇసకలో లంక

నిన్న పొద్దున పంచాయతీ ఆటో ఒకటి మా వీధిలోకి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఎగువన వానలు పడ్డాయి, బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారు, లంకలో వాళ్ళంతా సాయంత్రంలోగా కరకట్ట మీదికి చేరుకోవాలని మైకులో చెప్పారు. నేను అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. హారన్ వినబడగానే నా చేతులు చేటను వదిలేసి మొహం మీదికి పోయాయి. చెవుల వెనక పట్టీలు ఉన్నాయేమోనని వేళ్ళు వెతుక్కున్నాయి. పట్టీలు ఎక్కడివి, ముక్కు మీద కళ్ళజోడు తప్ప ఏమీ లేదు. మా కోడలు గుమ్మంలోంచి చూసి, "మళ్ళీ సౌదీ వెళ్ళొచ్చారా అత్తయ్యా?" అంది. కాపరానికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల నన్ను చూసి నవ్వేది. ఇప్పుడు అలవాటైపోయి, నా చేతిసంచీ ఎక్కడుందో వెతికి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేస్తుంది.

వరద వస్తుందంటే మా లంకవాళ్ళు పారిపోరు. పుట్టుకతో వచ్చిన మొండితనం అది. కృష్ణ రెండుగా చీలి, ఒక ముక్క నేలను నడుమ వదిలేసి మళ్ళీ కలుస్తుంది, ఆ వదిలేసిన ముక్క మాది. ఊరి మధ్యలో మెరక ఉంది. గేదెల్నీ నులకమంచాల్నీ బియ్యం డబ్బాల్నీ దాని మీదికి చేర్చి, వండుకు తింటూ, పేకాడుకుంటూ, నీరు తీసేదాకా కూర్చుంటారు. కృష్ణ వరద పెద్దమనిషి వరద. కబురు పెట్టి మరీ మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. పోతూ పోతూ ఒక గట్టున నేల కోసుకుపోయి, ఆ మట్టిని కిందెక్కడో మేట వేస్తుంది. ఇక్కడ ఎకరం పోయినవాడు ఏడుస్తుంటే అక్కడ ఎవడికో ఊరికే ఒండ్రు నేల దొరుకుతుంది. చిన్నప్పుడు నాకు వరదంటే బడి లేకపోవడం, మెరక మీద అందరిళ్ళ కూరలూ తినడం. అంతే తెలుసు. అలాంటిదాన్ని ఇప్పుడు ఆటో మొదటి హారన్‌కే ట్రాక్టరెక్కి కరకట్ట మీద కూర్చుంటాను. ఊళ్ళో నాకు 'కట్ట మామ్మ' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. మెరకను నమ్ముకుని కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, వాళ్ళకి తెలీదు. నాకైనా కృష్ణలో తెలిసింది కాదది, చుక్క నీరు కనబడని చోట తెలిసింది.

అప్పట్లో నేను బురైదాలో ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుని. ఊరి చుట్టూ ఖర్జూరం తోటలు, వాటి అవతల ఇసక. లంకలో పుట్టినదాన్ని కదా, ఏ పక్కకి నడిచినా కాసేపటికి కాళ్ళకి నీళ్ళు తగలాలి నాకు. అక్కడ ఎంత నడిచినా ఏమీ తగలదు. మొదటి ఏడాదంతా ఆ బెంగతోనే సగమైపోయాను. బెంగ తగ్గి, జీతం రుచి తెలిసి, నాలుగు అరబ్బీ ముక్కలు నోటికి వచ్చేసరికి కువైట్ గొడవ మొదలైంది. ఆ చలికాలంలో అది యుద్ధమై కూర్చుంది.

ఆ భయం ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే ఇప్పటివాళ్ళకి యుద్ధమంటే టీవీలో మెరుపులు. క్షిపణులు రియాద్ మీదా తూర్పు తీరం మీదా పడుతున్నాయనేవారు. మా వైపు ఒక్కటీ పడలేదు. కానీ పడదని ఎవరు రాసిచ్చారు? పేలుడుకి కూడా కాదు మా భయం, అందులో విషవాయువు పెట్టి వదులుతారన్న మాటకి. దానికి వాసనే ఉండదని ఒకరు, వెల్లుల్లి వాసన వస్తుందని ఒకరు, కోసిన పచ్చగడ్డి వాసన వస్తుందని ఇంకొకరు. ఒకరోజు మెస్సులో పప్పుకి తాలింపు పెడితే ఆ వెల్లుల్లి ఘాటుకి ఒకామె చేతిలో కంచం వదిలేసి పరుగు తీసింది. అందరం పడీ పడీ నవ్వాం. నవ్వాం గానీ, మర్నాటి నుంచి తాలింపులో వెల్లుల్లి వెయ్యడం మానేశాం.

ఆసుపత్రివాళ్ళు మాకు తలొక మాస్కు ఇచ్చారు. నల్లటి రబ్బరు, రెండు గాజు కళ్ళు, మూతి దగ్గర ఒక డబ్బా. ఎక్కడికెళ్ళినా గుడ్డసంచీలో వేసుకుని భుజాన తగిలించుకోవాలి. సైరన్ చప్పుడు మా క్వార్టర్స్ దాకా సరిగా వినబడేది కాదు. అందుకని సైరన్ మోగినప్పుడల్లా వాచ్‌మన్ పికప్ వేసుకుని, ఆపకుండా హారన్ కొడుతూ మా గేటు చుట్టూ తిరిగేవాడు. ఆ హారన్ వినబడితే ఏం చెయ్యాలో మాకు పదే పదే చేయించి నేర్పారు. ముందు ఊపిరి బిగబట్టాలి, మాస్కు తగిలించుకోవాలి, తలుపులూ కిటికీలూ మూసెయ్యాలి, మళ్ళీ చెప్పేదాకా ఉన్నచోటు నుంచి కదలకూడదు. నేర్పగా నేర్పగా అది మా ఒంట్లోకి దిగిపోయింది. అన్నం కలుపుతున్నా, జడ వేసుకుంటున్నా, హారన్ వినబడితే చెయ్యి ముందు మాస్కు మీదికే పోయేది.

ఇదంతా నేర్పింది మా మేట్రన్, అంటే నర్సులందరి మీదా పెద్ద. ఇంగ్లండు మనిషి. పొడుగ్గా, ఎండిపోయిన బెండకాయలా ఉండేది. కోపం వస్తే గొంతు పెంచదు, ఇంకా తగ్గిస్తుంది. అందుకే మాకు ఆవిడంటే సైరన్ తర్వాత సైరన్. కానీ కిటికీలకి టేపు అంటించిన స్టోరు గదిలో మేమంతా ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేలా కూర్చుని వణికిపోతున్నప్పుడు, ప్రమాదం లేదన్న కబురు వచ్చేదాకా మమ్మల్ని మాటల్లో పెట్టేది కూడా ఆవిడే. మాస్కు లోపలి నుంచి గొంతు కుండలోంచి వచ్చినట్టు వచ్చేది. ప్రార్థనలు చేయించేది కాదు, ధైర్యం చెప్పేది కాదు. వాళ్ళ దేశపు నేల గురించి చెప్పేది. ఏ మాదిరి లోయని ఏమంటారు, ఏ మాదిరి గుట్టని ఏమంటారు, ఆ మాటలు ఎవరు తెచ్చారు, ఇదీ ఆవిడ పురాణం.

వాళ్ళ ఊరు ఇంగ్లండుకి ఉత్తరాన ఒక ఏటి మధ్య మెరకట. అలాంటి చోటుని వాళ్ళ పక్క హోల్మ్ అంటారట. చుట్టూ నానిన నేల, వానలకి నీళ్ళు, నడుమ కాస్త ఎత్తున గడ్డీ, గొర్రెలూ, నాలుగిళ్ళూ. ఆ మాటను వాళ్ళ పక్కకి తెచ్చింది ఇంగ్లీషువాళ్ళు కాదట, ఎప్పుడో సముద్రం మీద పడవల్లో వచ్చి, ముందు దోచుకుని, తర్వాత నేల నచ్చి దున్నుకుంటూ ఉండిపోయిన జనమట. దోచుకోవడానికి వచ్చినవాళ్ళు పేర్లు పెట్టడమేమిటని నేనడిగితే, పెట్టేది ఎప్పుడూ ఉండిపోయినవాళ్ళే అంది. మా ఊరు కూడా అలాంటిదేనని, మేం దాన్ని లంక అంటామని చెప్పాను. ఆవిడ ఆ మాటను రెండుసార్లు అని చూసుకుంది. దాని మూలం ఏమిటని అడిగింది. నాకేం తెలుసు? రావణాసురుడి ఊరని చెప్పి తప్పించుకున్నాను. తర్వాత ఎన్నో ఏళ్ళకి నిఘంటువు తీసి చూస్తే ఏటి నడిమి దీవి అని ఉంది, అది నాకు తెలియదా. అరబ్బులు తమ దేశాన్ని జజీరా అంటారనీ, అంటే దీవి అనీ కూడా ఆవిడే చెప్పింది. మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క ఇసక, వాళ్ళకి అదీ సముద్రమే. అలా చూస్తే మనమంతా లంకలోనే ఉన్నామంటూ మాస్కు లోపల నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు కాస్త భయం తగ్గిన మాట నిజం. లంకంటే నాకు అప్పటికి భయం లేని చోటు.

ఇక అక్క. తోడబుట్టింది కాదు, ఏలూరు దగ్గర ఊరామె, మా వార్డులోనే సీనియరు. నేను దిగిన రోజున విమానాశ్రయం నుంచి వచ్చిన నా మొహం చూసి ముందు అన్నం పెట్టి, తర్వాత పేరు అడిగిన మనిషి. పెళ్ళై చాలా కాలమైంది. రెండుసార్లు కడుపు పండి రెండుసార్లూ నిలవలేదు. ఆ ఎండాకాలం సెలవుకెళ్ళి వచ్చాక మూడోసారి నిలిచింది. యుద్ధం మొదలయ్యేసరికి కడుపు బాగా కనబడుతోంది. సైరన్ మోగిన ప్రతిసారీ ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చునేది. అక్కడ మాస్కు ఎలా తగిలించాలో ఎవరూ నేర్పలేదు మరి. ఒకరోజు స్టోరు గదిలోంచి బయటికి వస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒసేయ్, ఈసారిది నిలబడాలే. ఇది కూడా పోతే నేను బతకనే" అంది.

అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మేట్రన్‌కి చెప్పాను. ఆవిడ ఆసుపత్రి పెద్దని పట్టుకుని వేధించి అక్కకి ఎగ్జిట్ వేయించింది. అంటే దేశం వదిలి వెళ్ళడానికి అనుమతి. రియాద్‌లో మామూలు విమానాలు ఆగిపోయాయి, జెద్దా నుంచే వెళ్ళాలి. బురైదా నుంచి జెద్దా రోజంతా ప్రయాణం. జెద్దాలో మందులు తెచ్చుకునే పని ఉందని మేట్రన్ తానూ బయల్దేరింది, అక్కకి తోడుగా నన్ను రమ్మంది.

ఆసుపత్రి వ్యాను తోలేది జగిత్యాల పక్క కుర్రాడు. మేం తమ్ముడనేవాళ్ళం, అతను మమ్మల్ని పెద్దక్క, చిన్నక్క అనేవాడు. అంతకుముందు ఒక తోటలో షావల్ నడిపేవాడు. షావల్ అంటే ముందు ఇనప తొట్టి ఉండే ఎత్తు చక్రాల యంత్రం, దాంతో ఇసకా మట్టీ ఎత్తిపోస్తారు. "నేను నడపనిది ఇమానమొక్కటేనక్కా" అని కోతలు కోసేవాడు. అక్క, "ముందు ఈ వ్యాను గుంటల్లో పడకుండా నడుపు నాయనా" అనేది. ముందురోజంతా వాన పడింది. బురైదాలో వాన అంటే పండగ, జనం యుద్ధం మాట మరిచిపోయి వీధుల్లో నిలబడి తడిశారు. మేం బయల్దేరేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది. అక్క ఒళ్ళో మాస్కు, పక్కన పసిబిడ్డకని కొన్న చిన్న దుప్పటి, వెనక సీట్లో పెట్టెలు. మేట్రన్ ముందు కూర్చుంది.

పెద్ద రోడ్డంతా సైన్యం బళ్ళు. పోలీసులు మమ్మల్ని ఆపి తోటల మధ్య నుంచి పోయే పాత రోడ్డులోకి మళ్ళించారు. ఆ రోడ్డు ఒకచోట కిందికి దిగి వాదీలోంచి అవతలికి పోతుంది. వాదీ అంటే నీళ్ళు లేని ఏరు. ఏళ్ళ తరబడి నీరు రానిచోట వంతెన ఎవరు కడతారు? వెడల్పుగా ఇసకా గులకరాళ్ళూ, నడుమ ఒక దిబ్బ, దాని మీద ముసలి చెట్టొకటి. సరిగ్గా అడుగుకి దిగాక మా వ్యాను చక్రాలు ముందురోజు వానకి నానిన బురదలో కూరుకుపోయాయి. తమ్ముడు ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు, ఇంకాస్త దిగింది. కిందికి దిగి చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, "మీరు బండ్లనే కూసోండ్రి. గా తోట కాడికి పోయి గుంజే బండేదన్న తెస్త" అని చెప్పి అవతలి గట్టెక్కి వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురమే మిగిలాం. ఎవరికీ దిగబడ్డామన్న దిగులు లేదు. మా దిగులంతా పైనుంచే. విమానాల మోత వినబడితే ముగ్గురం కిటికీల్లోంచి తలలెత్తి చూసేవాళ్ళం. ఆ రోజుల్లో ఎవరు బయట అడుగు పెట్టినా ముందు ఆకాశం చూసేవాళ్ళు, కింద చూడాలని ఎవరికి తోస్తుంది? కాసేపటికి అవతలి గట్టు మీద ఒక పికప్ కనిపించింది. అది గట్టు అంచున ఆగి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ఆపకుండా, ఒకటే కొట్టుడు.

మేట్రన్ ఒక్కటే మాట అంది. మాస్కు. ఆవిడ అనకముందే నా చెయ్యి సంచీలోకి పోయింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి తగిలించుకున్నాం, కిటికీ అద్దాలు ఎక్కించాం, తలుపులు బిగించాం, నేర్పినట్టు బుద్ధిగా కదలకుండా కూర్చున్నాం. గాజు కళ్ళలోంచి చూస్తే గట్టు మీద తమ్ముడూ, తోట తాలూకు ముసలి అరబ్బూ చేతులు పైకెత్తి ఊపుతున్నారు. పాపం, వాళ్ళకి మాస్కులు లేవు, ఎలా గిలగిల్లాడుతున్నారో చూడండి అనుకున్నాను. ఏడుపొచ్చింది కూడా. ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనకే గుండె ఝల్లుమంటుంది.

మమ్మల్ని కాపాడింది అక్క వేవిళ్ళు. ఏడో నెల వచ్చినా ఆమెకి వాసనలు పడేవి కావు. ఆ రబ్బరు వాసనకి మాస్కులోనే వాంతి వచ్చింది. ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను ఆమె మాస్కు పీకేశాను. కళ్ళజోడు మీద నా మాస్కు అసలే సరిగా ఆనదు, ఆమె మూతి తుడవడానికి వీల్లేక దాన్నీ పీకేశాను. విషవాయువు ఉంటే ఇద్దరం పోతామని తెలుసు. అయినా ఆమె అలా గుడ్లు తేలేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఎలా? తలుపు తీశాను, గాలి లోపలికి వచ్చింది. వెల్లుల్లి లేదు, పచ్చగడ్డి లేదు. కొత్త నీటి వాసన. ఎర్రమన్ను కలిసి, ఎండిన ఆకులూ పేడా కలిసి వచ్చే మొదటి వరద వాసన. పుట్టినప్పటి నుంచి ఏటేటా పీల్చిన వాసన అది. దాని వెనకే చప్పుడు, లారీలోంచి కంకర దించుతున్నట్టు.

మేట్రన్ మాస్కు పట్టుకుని లాగేసి, ఏటి ఎగువకి చెయ్యి చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి కిందికి దూకింది. పికప్ ఉన్న గట్టు దూరంగా ఉంది, మధ్యలో అంతా మెత్తటి ఇసక. దిబ్బ దగ్గర్లో ఉంది. లంక మనిషి కాళ్ళు ఎటు పోతాయి? నేను అక్క రెక్క పట్టుకుని మెరక వైపు లాగాను. రెండో రెక్క పట్టుకుంది హోల్మ్‌లో పుట్టిన మనిషి, ఆవిడ కాళ్ళూ అటే పోయాయి. గట్టు మీద తమ్ముడు రెండు చేతులూ తలకి కొట్టుకోవడం కనబడింది. ఎందుకు కొట్టుకుంటున్నాడో అర్థం కాలేదు. మేం చెట్టు మొదలు చేరి వెనక్కి తిరిగేసరికి నీళ్ళు వచ్చేశాయి. ముందు నురగ, కంపలు, ప్లాస్టిక్ డబ్బాలు, వాటి వెనక మోకాలెత్తు నీళ్ళు, వాటి వెనక మనిషెత్తు. మా వ్యాను కాస్త పక్కకి జరిగింది, మళ్ళీ జరిగింది, తర్వాత పెట్టెలతో సహా పక్కకి ఒరిగి వెళ్ళిపోయింది. అక్క పాస్‌పోర్టు, పసిబిడ్డ దుప్పటి, అన్నీ అందులోనే.

దేవుడి దయ వల్ల మెరకెక్కాం, ఇక తీసేదాకా కూర్చుంటే సరిపోతుందని అక్కతో చెప్పాను. చెబుతుండగానే దిబ్బ అంచున ధబ్ మని చప్పుడైంది. ఆ చప్పుడు అక్కకి తెలీదు. నాకు తెలుసు. గట్టు కోతపడినప్పుడు, కింద మట్టి కరిగిపోయి పైన పెళ్ళ విరిగి నీళ్ళలో పడే చప్పుడు అది. మా ఇంటి వెనక నాలుగు కొబ్బరిచెట్లు ఆ చప్పుడుతోనే పోయాయి. కాకపోతే మా లంకని కోయడానికి కృష్ణకి ఏళ్ళు పడుతుంది. ఇది ఇసక దిబ్బ. కాసేపటికి ఇంకో పెళ్ళ పడింది. తర్వాత చెట్టు వేర్లు బయటికి కనబడ్డాయి. అప్పుడు అర్థమైంది నాకు తమ్ముడు తల ఎందుకు కొట్టుకున్నాడో. చిన్నప్పటి నుంచి నేను నమ్మిన నేల కింద నుంచి జారిపోతోంది, దాని మీదికి అక్కను లాక్కొచ్చింది నేనే. మేట్రన్ నా వంక చూసింది. ఆవిడకీ ఆ చప్పుడు తెలుసు.

అప్పుడే అక్క, "కదలట్లేదే" అంది.

నేను నేల గురించి అనుకున్నాను. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఉంది. పొద్దుటి నుంచి తన్నుతూనే ఉంది, ఇప్పుడు కదలట్లేదంది. మొహం పాలిపోయింది. నేను పొట్టకి చెవి ఆనించాను. మేట్రన్ ఆనించింది. చుట్టూ ఆ నీటి హోరులో పసి గుండె చప్పుడు ఎక్కడ వినబడుతుంది? ఉందో లేదో తెలీదు. ఇద్దరం కాన్పుల నర్సులం, మా చేతుల మీద ఎన్ని వందల మంది పుట్టారో లెక్కలేదు, ఆ ఒక్క బిడ్డ ఉందో లేదో చెప్పలేకపోయాం.

మేట్రన్ అక్క మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ పక్కన కూర్చుంది. కూర్చుని ఏం మొదలుపెట్టిందనుకున్నారు, హోల్మ్ పురాణం. గట్టిగా, ఎప్పుడూ లేనంత గట్టిగా. పెళ్ళలు పడే చప్పుడు అక్కకి వినబడకూడదని ఆ గొంతు. స్టోరు గదిలో సగమే చెప్పిందట. హోల్మ్ అన్న మాట వాళ్ళ పాత ఇంగ్లీషులో కూడా ఉందట, కానీ అక్కడ దాని అర్థం మెరక కాదట. పాతకాలపు పాటల్లో సముద్రాన్నీ, లేచే అలనీ ఆ మాటతోనే పిలిచేవారట. నాకు ఒళ్ళు మండింది. ఆ భయంలోనే పోట్లాటకి దిగాను. మెరకకీ అదే మాట, మెరకను మింగే నీళ్ళకీ అదే మాటా, మీవాళ్ళకి మాటలు కరువయ్యాయా అన్నాను. రెండింటి వెనకా ఇంకా పాత వేరు ఒకటి ఉందట, దానికి అర్థం పైకి లేచినది అని మాత్రమేనట. వాళ్ళు కొండని పిలిచే మాట కూడా అందులోంచే పుట్టిందట. లేచింది నేలైతే నేల, నీరైతే నీరు. ఈ సగం అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అప్పుడు మీకు మెరక కావాల్సి వచ్చింది" అంది. ఆ మాట మాత్రం మెల్లగా అంది.

మొదట చెట్టు మా వైపు ఒరిగింది. అప్పుడు వినబడింది ఇంజన్ మోత. ఎగువ నుంచి, నీళ్ళకి ఏటవాలుగా, తోటలోని షావల్ వస్తోంది. పెద్ద చక్రాలు సగం పైన మునిగి ఉన్నాయి, ముందు తొట్టి పైకెత్తి ఉంది, పైన కుర్చీలో మా తమ్ముడు. తోలనిది విమానమొక్కటే అన్న కోతలు నిజమని అప్పుడే నమ్మాను. దిబ్బ దగ్గరికి వస్తే అంచు విరిగిపోతుందని కాస్త దూరంలోనే ఆపి, తొట్టిని చాపి మా ముందుకి దించాడు. అక్కతో పాటు నన్నెక్కించి, మేట్రన్‌ని రెండోసారి తీసుకెళ్తాడనుకున్నాను. ఆవిడా అలాగే అనుకుని వెనక్కి జరిగి నిలబడింది.

"ముగ్గురెక్కుండ్రి. మల్ల రాను నేను, బండి ఆగదు" అని అరిచాడు.

అక్కని మధ్యలో కూర్చోబెట్టి చెరో పక్కా మేం ఎక్కాం. తడి మట్టి వాసన, తుప్పు వాసన, కింద ఎర్రటి నీళ్ళు. గట్టు చేరేదాకా నేను కళ్ళు తెరవలేదు. తెరిచాక వెనక్కి చూస్తే దిబ్బ మీద చెట్టు లేదు. కాసేపటికి దిబ్బ కూడా లేదు, ఏరు ఒకటే వెడల్పున పోతోంది.

ముసలాయన మా వంక చూడకుండా మొహం పక్కకి తిప్పుకుని, తన ఉన్ని అంగీ తీసి చాచాడు. అక్కని ఆయన మోటారు కొట్టంలో చాప మీద పడుకోబెట్టాం. పక్కనే డీజిలు మోటారు గుడగుడా కొట్టుకుంటోంది. మేట్రన్ పొట్టకి చెవి పెట్టి, తల అడ్డంగా ఊపింది. బిడ్డ లేదనుకున్నాను. ఆవిడ తల ఊపింది మోటారు చప్పుడుకి. ముసలాయన లేచి వెళ్ళి మోటారు ఆపేశాడు. తమ్ముడు షావల్ ఆపేశాడు. దూరంగా ఏటి హోరు తప్ప ఏమీ లేదు. మేట్రన్ కళ్ళు మూసుకుని చెవి పెట్టింది, చోటు మార్చింది, మళ్ళీ పెట్టింది. ముసలాయన పెదవులు కదులుతున్నాయి, నావీ కదులుతున్నాయి, ఆయన ప్రార్థన ఆయనది, నాది నాది. అంత సేపు ఎప్పుడూ ఎదురు చూడలేదు నేను.

"ఉంది. వేగంగా ఉంది. మన మీద కోపంగా ఉన్నట్టుంది" అంది మేట్రన్. అని, తన చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం అదొక్కసారే చూశాను.

తర్వాత టీ తాగుతూ తమ్ముడు మమ్మల్ని తిట్టాడు. హారన్ కొట్టి కొట్టి తన చెయ్యి పోయిందట, మేమేమో తాపీగా మూతులకి డబ్బాలు కట్టుకుని కూర్చున్నామట. సరే దిగారు కదా అనుకుంటే, గట్టుకి రాకుండా పోయి పోయి ఏటి నడుమ కూర్చున్నామట. ఏం తల్లీ, మీ ఊర్ల వాగులు లేవా అన్నాడు. దీని ఊళ్ళో వాగులు లేవు నాయనా, నది ఉంది, అందుకే ఇంత పని అయింది అని అక్క చెప్పింది. ఆమె నవ్వుతోంది. పొట్ట మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఎగ్జిట్ కాగితాలు ఏట్లో పోయాయి, మళ్ళీ వచ్చేలోపు యుద్ధమే అయిపోయింది. బిడ్డ బురైదాలో మా వార్డులోనే, మేట్రన్ చేతుల్లో పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే వేసిన కేకకి వార్డంతా తిరిగి చూసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మేట్రన్ తన ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, ఇంటికి వెళ్ళాక ముందు మెరక అంచులు చూసుకుంటానని నాతో అంది. నేనూ వచ్చేశాక అదే చేశాను. అక్క పోయి నాలుగేళ్ళయింది. ఆ పిల్ల ఇప్పుడు జెద్దాలో నర్సు.

నిన్న మధ్యాహ్నానికే నేను కరకట్ట మీదికి చేరాను. ఈసారి మా కోడలు కూడా మనవణ్ణి తీసుకుని నా వెంట ట్రాక్టరెక్కింది, ఎందుకని నేనడగలేదు. మా అబ్బాయి గేదెలతో మెరక మీదే ఉండిపోయాడు, తండ్రి పోలిక. టార్పాలిన్ కింద కూర్చున్నానో లేదో ఫోను మోగింది, జెద్దా నుంచి అక్క కూతురు. ఎక్కడో వార్తల్లో చూసిందట.

"పిన్నీ, కట్టెక్కావా? ఎక్కానంటే నమ్మను, చూపించు" అంది.

ఆ రోజు కడుపులో కదలకుండా ఉండి మా ప్రాణాలు తోడేసిన పిల్ల, ఇప్పుడు సముద్రం అవతల నుంచి నన్ను కదలమని గదమాయిస్తోంది. ఫోను తిప్పి నీళ్ళు చూపించాను, మెరక మీద చిన్నగా కనబడుతున్న మంచాలు చూపించాను. మా అబ్బాయికి ఫోను చేసి దిగి రమ్మని తానే చెబుతానని పెట్టేసింది. మెరక అంచున పెళ్ళలు పడే చప్పుడు ఇంత దూరం రాదు, అయినా నాకు వినబడుతూనే ఉంది. చీకటి పడకముందే మా అబ్బాయి గేదెల్ని తోలుకుని కట్ట వైపు రావడం కనబడింది. నా నుంచి కాలం కోసుకుపోయిన ధైర్యం ఎటు పోయిందా అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ, అది ఆ పిల్ల గొంతులో మేట వేసింది.